బండికి కట్టిన పలుపు

దండెం మీద ఆరిన తుండుగుడ్డను తీసి చెంగల్రాయుడు రెండు చేతులతో ఎండకు అడ్డంగా పట్టుకున్నాడు. గుడ్డకు అవతలున్న వేపకొమ్మ ఒక్కటి కూడా కనబడలేదు. సరేననుకొని మూడు మడతలు వేసి చేతిసంచిలో పెట్టుకున్నాడు.

భుజాన ఉండేది వేరే గుడ్డ. చెమట తుడుచుకోవడానికీ, బస్సు కిటికీలోంచి విసిరి సీటు పట్టుకోవడానికీ అది. సంచిలోది బేరం గుడ్డ, ధర నోటితో కాక వేళ్ళతో చెప్పుకోవడానికి. దాని కింద రెండు చేతులు కలిసినప్పుడు ఏ వేలు ముడుచుకుందో, ఏ వేలు చాచుకుందో చూసేవాడికి ఆనవాలు చిక్కకూడదు. పలచబడ్డ గుడ్డతో బేరానికి కూర్చునే దళారి గోచీ మరిచిపోయి సంతకు పోయినవాడితో సమానం.

అరవై దాటిన మనిషి. ఒళ్ళు ఎండకు కాగి కాగి ఎండుతాటాకు రంగుకు తిరిగింది. ఆ బక్క ఒంటికి చేతులు మాత్రం పెద్దవి. మణికట్టు దాకా ఒక మనిషిని చేసి, అక్కడి నుంచి ఇంకొకడివి తెచ్చి అతికించినట్టు ఉంటాయి. వేళ్ళ కొసలు మెత్తగా, గోళ్ళు ఎప్పుడూ కురచగా ఉంటాయి. గోరు గుచ్చుకుంటే అవతలివాడి మనసు బేరం మీంచి గోరు మీదికి పోతుందని అతని నమ్మకం.

తాయమ్మ సంగటి ముద్దకు నడిమిన గుంత చేసి ఊరిబిండి వేసి ముందర పెట్టింది.

"ఈ దినమన్నా నోరు తెరిసి అడుగుతావా, లేకుంటే పోయిన తూరి మాదిరి మజ్జిగ తాగి వస్తావా?"

"అడగతాలే."

"అడగతాలే అని నేను కాపరానికొచ్చినకాడి నుంచి అంటానే ఉండావు."

"దళారి చెయ్యి సాపగూడదు మే. బేరం చేసే ఇంట్లో పుల్లముక్క కూడా అడగగూడదు."

"పుల్లముక్క ఎవురు అడగమనిరి? మీ నాయన పేనిన తాడు. ఈ దినం ఆ నాయుడి మోటారు బండి పోతే దాంతోబాటే అదీ పోతాది. ఇంగ బెంగుళూరు పోయి ఎతుక్కుంటావా? బేస్తవారం మా తమ్ముడు పెయ్యను తోలుకొస్తాడు. ఆ పలుపు లేకుండా నేను దాన్ని గూటానికి కట్టను. సెప్పినా."

చెంగల్రాయుడు సంగటి మింగాడు. ముద్ద గొంతులో నిదానంగా దిగింది. ఈ మధ్య అన్నీ నిదానంగానే దిగుతున్నాయి.

ఆ తాడు సంగతి తాయమ్మ ఆ ఇంటికి రాకముందుది. వానలు లేని ఏడు తండ్రి పోయాడు. ఆ ఎండాకాలమే జత ఎద్దుల్లో ఒకటి పోయింది. మిగిలిన బూడిదరంగు ఎద్దును అమ్మి విత్తనాలు తెద్దామని తల్లి చెప్పింది. కొనడానికి వచ్చినవాడు పులిచెర్ల దిక్కు దొరస్వామి నాయుడు. గొడ్డును అమ్మిన ఇంటివాళ్ళు దాని మెడలోని పలుపు విప్పి తమ దగ్గరే ఉంచుకుంటారు. కొన్నవాళ్ళు కొత్త పలుపు తెచ్చుకొని కట్టుకొని పోతారు. పలుపు ఇంట్లో ఉంటే ఆ కొట్టంలోకి ఇంకొక గొడ్డు వస్తుంది, వచ్చింది నిలుస్తుంది. ఆ దిక్కున ఇది ఎవరూ ఎవరికీ చెప్పే మాట కాదు, పాలు పితకడం మాదిరి చూసి నేర్చుకునేది.

నాయుడు టెంకాయ పీచు తాడు తెచ్చాడు. కొత్త తాడు మెడలో పడగానే ఎద్దు కూలబడింది. లేవలేదు. తోక మెలిపెట్టినా లేవలేదు. నాయుడి పాలేరు ముల్లుగర్ర ఎత్తాడు. అప్పటికి మీసం కూడా సరిగా రాని చెంగల్రాయుడు అది చూడలేకపోయాడు. పోయి పీచుతాడు విప్పేసి, తండ్రి కిత్తనారలో నల్లమేక వెంట్రుకలు కలిపి పేనిన పాత పలుపునే మళ్ళీ మెడకు వేసి, కొసను నాయుడి చేతిలో పెట్టాడు. ఎద్దు లేచి, తెలిసిన తోవలో పోయినట్టు నాయుడి వెంట పోయింది. తల్లి ఇంట్లోంచి వచ్చేసరికి అది మలుపు తిరిగింది.

"గొడ్డును ఇస్తివి, కొట్టాన్ని కూడా ఇచ్చేస్తివి గదరా" అని తల్లి గడపలో చతికిలబడింది.

ఆ తర్వాత ఆ కొట్టంలో ఏదీ నిలవలేదు. ఒక ఆవును పాము కరిచింది. ఒక పెయ్య కట్టు తెంచుకొని కొండెక్కి తిరిగి రాలేదు. తాయమ్మ పుట్టింటివాళ్ళు ఇచ్చిన బర్రె ఒట్టిపోయింది. కరువు సీమలో గొడ్లు చావడానికి పలుపే పోనక్కర లేదని చెంగల్రాయుడికి తెలుసు. తెలిసినా, ఖాళీ గూటం కనబడినప్పుడల్లా తల్లి మాట చెవిలో పడేది. తన కొట్టంలో ఏదీ లేకపోయేసరికి ఊళ్ళవాళ్ళ గొడ్లను అమ్మిపెట్టే పనిలో పడ్డాడు. పుంగనూరు సంతలో నిలబడి, బేరం తెగిన ప్రతిసారీ అమ్మినవాడికి చెప్పేవాడు, "పలుపు ఇప్పుకో నాయనా, మరిచిపోతావు" అని. అది అతని ఊతపదమనుకునేవాళ్ళు.

తిని చెయ్యి కడుక్కొని, సంచిలో గుడ్డ మడతల కింద మాత్రల పొట్లం ఉందో లేదో తడిమి చూసుకున్నాడు. తిరుపతి పెద్దాసుపత్రిలో డాక్టరు, గుండె బాగా నీరసించింది, ఈసారి ఇంట్లోవాళ్ళను ఎవరినైనా వెంటబెట్టుకొని రమ్మన్నాడు. చెంగల్రాయుడు ఎవరినీ తీసుకుపోలేదు. తాయమ్మతో గ్యాసు అని చెప్పాడు. అయితే సంచి ఉతికే మనిషికి సంచిలో ఏముందో తెలియకుండా ఉండదు. ఆమె ఏమీ అడగలేదు. ఆ వారమే తమ్ముడి ఊరికి పోయి పెయ్యను మాట్లాడుకొని వచ్చింది. "పాలు పోసుకుంటే ఉప్పుకూ పప్పుకూ జరిగిపోతాది" అంది. ఎవరికి జరిగిపోతుందో చెప్పలేదు. అతనూ అడగలేదు.

దామలచెరువులో మామిడికాయల లారీలు రోడ్డుకు రెండు పక్కలా నిలబడి ఉన్నాయి. బస్సు వాటి మధ్య ఒదిగి ఒదిగి పోయింది. చెంగల్రాయుడు కిటికీ దగ్గర కూర్చొని, దాటిపోయే కొట్టాలను చూస్తూ పోయాడు. ఏ కొట్టంలో ఏముందో అతనికి తెలుసు. ఆ తెలివిడే ముసలితనంలో అన్నం పెట్టింది. ట్రాక్టర్లు వచ్చి సంత పలచబడ్డాక, బెంగుళూరు వాళ్ళు కొందరు పాత మోటారు సైకిళ్ళ కోసం ఊళ్ళు పట్టుకొని తిరగడం మొదలుపెట్టారు. జావాలు, పాత బుల్లెట్లు, మిలిటరీ వాళ్ళు వేలం వేసిన ఇంగ్లీషు బండ్లు. కొత్తగా ఉన్నప్పుడు ఊరంతా వెంటపడి చూసిన బండ్లు అవి. ఇప్పుడు కోళ్ళు గుడ్లు పెట్టుకునే చోట్లయ్యాయి. ఎద్దుల కోసం దూరిన ప్రతి కొట్టంలోనూ మూలన వరిగడ్డి కింద ఏ హ్యాండిలు పొడుచుకొని ఉందో చెంగల్రాయుడు చూసి ఉన్నాడు. ఒకసారి ఎవరికో ఒక జావా చూపించాడు. అంతే, అడ్డతోవ అనుకున్నది రోడ్డయింది.

అతనికి బండి నడపడం రాదు. ఇంజను సంగతి తెలియదు. ఎద్దును చూసినట్టే చూసేవాడు. ముందు దూరంగా నిలబడి నిలువు చూస్తాడు. తర్వాత దగ్గరికి పోయి, సుడులు వెతికినట్టు ట్యాంకు మీద అరచేత్తో నిమిరి సొట్టలు వెతుకుతాడు. కొనేవాడికి ఉన్నది ఉన్నట్టు చెప్తాడు. కొన్న బండిని ముక్కలు చేసి సామానుగా అమ్ముకునే వాళ్ళకు మాత్రం చూపించడు. అట్లాంటి వాళ్ళను అతను కటికోళ్ళు అనేవాడు.

దొరస్వామి నాయుడి భార్య చంద్రకాంతమ్మ ఇల్లు ఊరి కొసన ఉంది. బస్సు దిగి అక్కడికి నడవడానికి ఒకప్పుడు బీడీ తాగినంత సేపు పట్టేది. ఈ రోజు మోరీ గట్టు మీద ఒకసారి, గానుగచెట్టు కింద ఒకసారి కూర్చున్నాడు.

కొట్టం కప్పు ఒక పక్క కూలి ఉంది. మిగిలిన నీడలో బండి నిలబడి ఉంది. బీ.ఎస్.ఏ. బండి, మిలిటరీది. ముందుచక్రానికి రెండు వైపులా ఇనుప చట్రం, నడిమిన లావుపాటి స్ప్రింగు. నల్లరంగు పెచ్చులు లేచిన చోట లోపలి మిలిటరీ పచ్చ కనబడుతోంది. ఇంజను రేకు మీద మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన బొమ్మ. హ్యాండిలు కింది కడ్డీకి ఒక పలుపు. పలుపు రెండో కొస గూటానికి. గూటం చుట్టూ ఎద్దుల కాళ్ళు తొక్కిన గుంట ఇంకా పూడలేదు.

బూడిదరంగు ఎద్దును ఆ కాలంలో దొరస్వామి నాయుడు తన కోసం కొనలేదు. భాకరాపేటలో ఒక కట్టెల కంట్రాక్టరు దగ్గర ఈ బండి పడి ఉందని విని, దాని మీద మనసుపడి, దుంగలు లాగడానికి ఎద్దు కావాలంటే ఎద్దును తోలుకుపోయి ఇచ్చి బండి తెచ్చుకున్నాడు. ఇచ్చేటప్పుడు తాను అమ్మేవాడు కాబట్టి, ఆనవాయితీ ప్రకారం పలుపు విప్పి మెళ్ళో వేసుకొని వచ్చాడు. ఇంటికొస్తే కొట్టంలో ఎద్దు లేదు, బండి ఉంది. చేతిలో పలుపు ఉంది. ఆ రాత్రి బండిని గూటానికి కట్టేసి పడుకున్నాడు. ఊరంతా నవ్వింది, నాయుడు పొద్దున్నే దానికి కుడితి పెడతాడని. నవ్వినవాళ్ళు మరిచిపోయారు గాని నాయుడు కట్టడం మానలేదు. కట్టకపోతే నిద్ర పట్టేది కాదట. ఆయన పోయి రెండేళ్ళయింది. ఆ కట్టు ఎవరూ విప్పలేదు.

"రా చెంగల్రాయా. కాళ్ళెందుకట్ల ఉబ్బినాయి?" అంది చంద్రకాంతమ్మ మజ్జిగ చెంబు అందిస్తూ.

"బస్సులో నిలబడి వస్తి వదినా."

కూర్చొనే వచ్చాడు. చంద్రకాంతమ్మ అతని మొహం కేసి ఒకసారి చూసి చూపు తిప్పుకుంది. పొడుగాటి మనిషి. నుదుట బొట్టు ఉండిన చోట చర్మం ఇంకా కొంచెం తెల్లగా ఉంది. బండిని అమ్మాలన్నది ఆమె మాటే. "వానలొస్తే ఈ కొట్టం దాని మీదనే కూలతాది. మట్టి కింద సచ్చేదానికన్నా తిరిగే సోటికి పోనీ" అని కబురు పెట్టింది.

పక్కింటి వరదమ్మ గోడ మీద గడ్డం ఆనించి ఆకూవక్కా నములుతోంది.

"ఏమప్పా చెంగల్రాయుడా, ఎద్దులు అయిపాయె. బండ్లు గూడా అయిపోతా ఉండాయి. ఇంగ మమ్మల్నెప్పుడు సంతకు తోలేది?"

"పండ్లు సూసి గదక్కా కొనేది. ఉంటే నోరు తెరిసి సూపీ."

వరదమ్మ నోరు తెరిచి నవ్వింది. ఉన్నవి రెండే.

జయరావు ఎండ ముదిరాక వచ్చాడు. బెంగుళూరులో చిన్న లేతు షాపు నడుపుకునే మనిషి. యాభై ఏళ్ళుంటాయి. కళ్ళద్దాలు దారంతో మెడకు వేలాడుతున్నాయి. చేతిగీతల్లో గ్రీజు కడిగినా పోనంతగా ఇంకిపోయి ఉంది. ఆ చేతులు చూసి చెంగల్రాయుడు కొంత కుదుటపడ్డాడు. కటికోళ్ళ చేతులు శుభ్రంగా ఉంటాయి.

జయరావు బండి చుట్టూ ఒకసారి తిరిగి, చొక్కా విప్పి గోడకు తగిలించి, కింద కూర్చున్నాడు. కిరోసిను గుడ్డతో తుడిచి ఇంజను నంబరు చదువుకున్నాడు. సీటు స్ప్రింగుల్లోంచి ఎలుకగూడు లాగి పారేశాడు. ప్లగ్గు విప్పి గరుకు కాగితంతో రుద్దాడు. సీసాలో తెచ్చిన పెట్రోలు పోశాడు. కిక్కు కొట్టాడు. బండి దగ్గింది. మళ్ళీ కొట్టాడు. ఒళ్ళంతా చెమటలు కారుతున్నాయి.

"అట్ల గాదప్పా" అంది చంద్రకాంతమ్మ గుమ్మంలోంచి. "ఎడంచేతి కాడ సిన్న పుల్ల ఉండాది సూడు. దాన్ని రొంత ఎనక్కి లాగి కొడతా ఉన్నింది ఆయన. కొట్టేముందు ఒక తిట్టు గూడా తిడతా ఉన్నింది. అది నువ్వు తిట్టకపోయినా పర్వాలేదు."

జయరావు నవ్వి, పుల్ల లాగి, కాలు బలంగా దించాడు. కొట్టం అదిరింది. కప్పు మీంచి ధూళి రాలింది. గంపలో పొదుగుతున్న పెట్ట అరుచుకుంటూ గోడ దాటింది. బండి గుండె ఒక్కొక్క దెబ్బే లెక్కపెట్టుకుంటున్నట్టు నిదానంగా, బరువుగా కొట్టుకోసాగింది. చంద్రకాంతమ్మ తలుపు రెక్క పట్టుకుంది. వరదమ్మ నమలడం మానింది. తన గుండె కూడా అట్లా కొట్టుకుంటే బాగుండునని చెంగల్రాయుడికి అనిపించింది.

సంతోషంలో జయరావు ఎక్కి కూర్చొని గేరు వేశాడు. బండి ముందుకు ఉరికింది. పలుపు బిగిసింది. గూటం కదలలేదు. బండి ముక్కు తిప్పి, ఒక్క గుంజు గుంజి, ఆగిపోయింది.

"కట్టు ఇప్పకుండా తోలేది యాడన్నా ఉందా సామీ?" అని వరదమ్మ గోడ మీద పడి నవ్వింది.

అప్పుడు చూశాడు జయరావు ఆ పలుపును. కళ్ళద్దాలు పెట్టుకొని, వంగి, చేతిలోకి తీసుకున్నాడు. తెల్లటి నారలో తాడు పొడుగునా మెలితిరిగి పోతున్న నల్లని చార మీద బొటనవేలితో రాశాడు. చెంగల్రాయుడి బొటనవేలు తనకు తెలియకుండానే చూపుడువేలి మీద కదిలింది.

"ఏం తాడమ్మా ఇది?"

"ఎద్దుది. ఆయన దీంతోనే కట్టేసేవాడు బండిని. దినమూ."

జయరావు కాసేపు నవ్వుతూ నిలబడ్డాడు. ఎగతాళి నవ్వు కాదు. "ఇది గూడా బండితోనే ఇచ్చేయండమ్మా. మా ఇంట్లోనూ ఇట్లనే కట్టి పెడతాను. ఈ బండికి ఇది ఉండాల. ఏమప్పా, ఏమంటావు?" అని చెంగల్రాయుడి వైపు తిరిగాడు.

గొడ్డుతో పలుపు పోగూడదు. ఈ మాట చెంగల్రాయుడు సంతల్లో ఎన్నిసార్లు అన్నాడో. అడగని వాళ్ళకు కూడా చెప్పిన మాట. ఇప్పుడు అడిగి మరీ చెప్పమంటున్నారు. నోరు తెరిచాడు. మాట నాలుక మీదికి వచ్చి అక్కడే కూర్చుంది. ఇన్నేళ్ళూ ఆ మాట అమ్మినవాడి కోసం అన్నాడు. ఈ రోజు అంటే అది తన కోసమవుతుంది. ఇరుపక్షాల చేతులూ తెలిసినవాడు తన పక్షం మాట్లాడితే ఇక ఆ గుడ్డకు విలువ లేదు. మరోవైపు కొట్టంలో ఖాళీ గూటం, బేస్తవారం వచ్చే పెయ్య, ఏమీ అడగని తాయమ్మ.

"ఆమెది సామీ. ఆమెనడుగు" అన్నాడు.

అని, నేల చూశాడు.

చంద్రకాంతమ్మ పలుపు వైపు చూసింది. "బేరం కానీ ముందు. తాడు యాడికి పోతాది" అంది.

కొట్టం ముందర నీడలో ముగ్గురూ కూర్చున్నారు. చెంగల్రాయుడు సంచిలోంచి గుడ్డ తీసి దులిపాడు. ఆడవాళ్ళ తరఫున అన్నో తమ్ముడో చెయ్యి పెట్టడం మామూలు. చంద్రకాంతమ్మ కొంగు నడుముకు దోపుకొని తన చెయ్యే చాచింది.

"యమ్మా, నువ్వా?" అంది వరదమ్మ.

"నా బండి, నా చెయ్యి. నీకేమి వచ్చె నొప్పి?"

గుడ్డ కింద ఆమె చెయ్యి చల్లగా ఉంది. వేళ్ళు పట్టుకొని చెప్పాల్సింది చెప్పింది. తడబాటు లేదు. నాయుడు ఇంట్లో కూర్చొని ఆమెకు నేర్పి ఉంటాడు. తర్వాత జయరావు చెయ్యి. అతనికి ఏ వేలు ఎంతో చెంగల్రాయుడు ముందే కట్టలోంచి బీడీలు తీసి, వేళ్ళ మాదిరి పేర్చి చూపించి ఉన్నాడు. అయినా మొదటిసారి పొరపాటున ఆమె అడిగిన దాని కన్నా ఎక్కువ వేళ్ళు పట్టాడు. చెంగల్రాయుడు ఆ వేలును నిదానంగా వెనక్కి మడిచి, మళ్ళీ పట్టుకోమని చేతిని తట్టాడు. గుడ్డ అటు తిరిగింది, ఇటు తిరిగింది. పైన ముగ్గురూ ఎండను గురించీ మామిడి కాపును గురించీ మాట్లాడుకున్నారు. చివరకు చెంగల్రాయుడు ఇద్దరి అరచేతులూ కలిపి పైనుంచి తన చేత్తో నొక్కాడు. ఎంతకు తెగిందో ఆ ముగ్గురికీ ఆ గుడ్డకూ తెలుసు. గోడ మీది వరదమ్మకు తెలియలేదు. ఆ బాధ ఆమె మొహంలో కనబడింది.

జయరావు చొక్కా తొడుక్కోవడానికి లేచాడు. చెంగల్రాయుడు గుడ్డ మడవబోయాడు.

"ఉండు. గుడ్డ తియ్యొద్దు" అంది చంద్రకాంతమ్మ. "ఇంగొక బేరం ఉండాది."

ఆమె లేచి కొట్టంలోకి పోయింది. గూటం దగ్గర వంగింది. ఏళ్ళ తరబడి బిగిసిన ముడి చేతికి రాలేదు. పంటితో లాగింది. గూటం కొస విప్పి, హ్యాండిలు కొస విప్పి, మోచేతికి చుట్టలు చుట్టుకుంటూ వచ్చి మళ్ళీ కూర్చుంది. చుట్టతో సహా చెయ్యి గుడ్డ కిందికి తోసింది.

చెంగల్రాయుడి వేళ్ళకు ముందు నార తగిలింది. తర్వాత మేక వెంట్రుకల గరుకు. తండ్రి పేనేటప్పుడు కొసను తన చేతికే ఇచ్చి బిగించి పట్టుకోమనేవాడు. పట్టు సడలిస్తే, "ఎద్దు నీ అంత మెత్తనిది గాదురా" అనేవాడు. చెంగల్రాయుడు పట్టుకున్నాడు.

"ఏందమ్మే ఆ గుడ్డ కింద?" అంది వరదమ్మ.

"మా వదినా మరిది బేరం. నువ్వు ఆకు నమలు." చంద్రకాంతమ్మ గొంతు పెంచి జయరావుతో అంది. "తాడు బండితో రాదప్పా. గొడ్డును తోలుకపొయ్యేవాడు పలుపు తనే తెచ్చుకోవల్ల. కొత్తది కొనుక్కో."

జయరావు చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. "మా తాత గూడా అట్లనే అనేవాడు. మరిచిపోయినా" అని తల ఊపాడు.

చంద్రకాంతమ్మ ఇప్పుడు నెమ్మదిగా మాట్లాడింది. "నువ్వొచ్చినప్పుడల్లా బండిని సూస్తా ఉండావనుకుంటి. వాడు సూసేది బండిని గాదు, పలుపును అని ఆయనే చెప్పినాడు. అడిగితే ఇచ్చేద్దామని ఆయన సూసినాడు. నువ్వేమో అడిగేవాడివి గాదు. మొగోళ్ళు ఇద్దరూ ఎదురెదురుగా కూసోని మజ్జిగ తాగి లేస్తిరి, ఇన్నేండ్లు."

"మీ ఇంట్లో ఉండవలసింది గదా వదినా. అమ్మింది నువ్వు."

"ఇంగ ఈ కొట్టంలో కట్టేదానికి ఏముండాది? నన్ను కట్టుకోవల్లనా?"

చెంగల్రాయుడు చుట్ట మీద వేళ్ళు బిగించి అన్నాడు, "పెయ్య వస్తా ఉండాది వదినా. బేస్తవారం. తాయమ్మకు."

మాకు అని అనలేదు. చంద్రకాంతమ్మ విన్నది. గుడ్డ తీసి, మూడు మడతలు వేసి, తనే అతని సంచిలో పెట్టింది. దళారి సొమ్ము ఇవ్వబోతే అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పలుపు పట్టుకున్న చేత్తో ఇంకేదీ తీసుకోకూడదన్నాడు.

జయరావు బండి మీద రోడ్డు దాకా దింపుతానన్నాడు. చెంగల్రాయుడు ఒప్పుకోలేదు. బేరం చేసిన గొడ్డు మీద ఎప్పుడూ చెయ్యి వేసి నడిచాడేగాని ఎక్కలేదు. అలవాటు మార్చుకునే వయసు కాదు. బండి ఊరు దాటి పోయింది. చప్పుడు మాత్రం చాలాసేపు చెరుకుతోటల మీదుగా వినబడుతూనే ఉంది. చంద్రకాంతమ్మ అది పూర్తిగా పోయేదాకా గుమ్మంలో నిలబడి, ఆ తర్వాత చీపురు తీసుకొని కొట్టంలోకి పోయింది.

పలుపు చుట్టను భుజాన వేసుకొని అతను నిదానంగా నడిచాడు. మోరీ గట్టు మీద కూర్చున్నాడు. లేచాడు. బస్సులో ఎవరో సీటు ఇచ్చారు. దామలచెరువు దగ్గర ఒకాయన, "ఏమి పెద్దాయనా, గొడ్డును అమ్మినావా, కొన్నావా?" అని అడిగాడు.

"కొనలా, అమ్మలా. పలుపు తెచ్చుకుంటి" అన్నాడు చెంగల్రాయుడు. ఆయనకు అర్థం కాలేదు.

పొద్దు వాలుతుండగా ఇల్లు చేరాడు. తాయమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. అతని భుజం చూసింది. చేతిలోని గింజ చేతిలోనే ఉండిపోయింది. అతను తిన్నగా కొట్టంలోకి పోయి, గూటానికి ఒక కొస ముడి వేసి, రెండో కొసను పైకప్పు గుంజకు తగిలించి వచ్చాడు. ఆమె పోయి చూసి, వాసన చూసి వచ్చింది.

"అడిగినావా?"

"అడగలా. ఇచ్చింది."

"బండి నూనె వాసన కొడతా ఉండాది. రేపు కడిగేస్తా."

"వద్దు మే. నార పాడైపోతాది."

అరుగు మీద స్తంభానికి ఆనుకొని కూర్చున్నాడు. ఒళ్ళో బేరం గుడ్డ పరుచుకొని, చేతులు దాని కింద పెట్టుకున్నాడు. అది అతని అలవాటే. సంత నుంచి వచ్చిన రోజుల్లో చేతులు అలసిపోతాయనేవాడు. రొంత మజ్జిగ ఇమ్మన్నాడు. తాయమ్మ లోపలికి పోయి, ఉప్పు వేసి, కరివేపాకు నలిపి వేసి తెచ్చింది.

"ఇదో, తాగు."

పలకలేదు. కునుకు పట్టిందనుకుంది. చెంబు పక్కన పెట్టి, పక్కన కూర్చొని, గుడ్డ కిందికి చెయ్యి పోనిచ్చి అతని చెయ్యి పట్టుకుంది. జీవితమంతా గుడ్డ కింద మాట్లాడిన చెయ్యి. వేళ్ళు ఒక్కొక్కటే పట్టి చూసింది. ఏ వేలూ బదులు చెప్పలేదు. గుడ్డ తియ్యకుండా ఆమె అట్లాగే కూర్చుంది. వీధిలో పోయేవాళ్ళకు మొగుడూ పెళ్ళాలు సాయంత్రం పూట అరుగు మీద కూర్చున్నట్టే ఉంది.

కర్మ అయ్యేదాకా పెయ్యను ఆపమంటావా అని తమ్ముడు అడిగాడు.

"తోలుకరా. ఆయన పలుపు తెచ్చి పెట్టినాడు" అంది తాయమ్మ.

బేస్తవారం వచ్చింది పెయ్య. తెల్లది, చెవులు మాత్రం ఎర్రవి. తమ్ముడు తన తాడు విప్పి భుజాన వేసుకున్నాడు. కొత్త చోటు చూసి పెయ్య ముందరికాళ్ళు మడిచి కూలబడబోయింది. తాయమ్మ గుంజ మీంచి పలుపు దించి మెడకు వేసి ముడి బిగించింది. పెయ్య ఆ నూనె వాసనకు ముట్టె ఎగరేసి, ఒకసారి బుసకొట్టి, నిలబడింది. ఒకసారి గుంజి చూసింది. గూటం కదలలేదు. తర్వాత గడ్డికి వంగింది. కిత్తనారలో నల్లమేక వెంట్రుకల చార పలుపు పొడుగునా మెలితిరిగి పోయింది. మెడ దగ్గర, బండి నూనె ఇంకిన మేర, తెల్లటి వెంట్రుకల మీద ఒక నల్లని గీత పడింది.